ఏనుగు ఎక్కడిది, దంతం ఎక్కడిది? మీ ఉత్తరాలకు జవాబులు

పోయిన నెల మోటుపల్లి రేవు గురించి రాస్తూ, కాకతీయ గణపతిదేవుడి శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో దంతం కూడా ఉందని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు, సింగరాయకొండ, ఇంకా చాలా ఊళ్ళ నుంచి రాశారు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకే సంగతి అడిగిన వాళ్ళని కలిపేశాను. ఇంట్లో ఉన్న వస్తువుల గురించి అడిగినవాళ్ళు ఎక్కువగా ఉన్నారు, అందుకని ఎవరి పేర్లూ వెయ్యడం లేదు.

ప్రశ్న: మన జిల్లాల్లో ఏనుగులే లేవు కదా సార్, మోటుపల్లిలో దంతం మీద సుంకం ఏంటి? శాసనంలో నిజంగా ఆ మాట ఉందా, లేక ఎవరో ఊహించి రాసిందా? ఉంటే ఆ దంతం ఎక్కడ నుంచి వచ్చింది? (ఒంగోలు నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఉంది బాబూ. చినగంజాం దాటి ఉప్పు మళ్ళ పక్కనుంచి వెళ్తే మోటుపల్లి వస్తుంది. మొన్నమొన్నటిదాకా మన ప్రకాశం జిల్లాయే, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు బాపట్ల కిందకి పోయింది. అక్కడి వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద ఉంది ఆ శాసనం. శక సంవత్సరం 1166, అంటే మన లెక్కలో 1244–45. వెళ్తే సాయంత్రం పూట వెళ్ళు, ఎండ ఏటవాలుగా పడినప్పుడు అరిగిన అక్షరాల అంచులకి నీడ వస్తుంది, అప్పుడు చదవడం తేలిక. మిట్టమధ్యాహ్నం వెళ్తే రాయి తప్ప ఏమీ కనపడదు, నేను మొదటిసారి అలాగే వెళ్ళి ఏమీ చదవలేక తిరిగొచ్చాను.

దాన్ని అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు ఏం చేసేవాళ్ళంటే, తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏవున్నా మొత్తం లాగేసుకునేవాళ్ళు. మేము అలా చెయ్యం, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చేవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, ఖాయం చేసిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం అని గణపతిదేవుడు రాయించాడు. సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు, ఎగుమతికైనా దిగుమతికైనా అంతే. ఆ తర్వాత సరుకుల వరస వస్తుంది: మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవాది, కర్పూర తైలం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు. దంతం పన్నీటి పక్కన, జవాది పక్కన ఉంది చూడు, అంటే అది గంధద్రవ్యాల లాంటి ఖరీదైన సరుకు.

ఇక ఎక్కడిది అన్న ప్రశ్న. శాసనం సరుకు పేరు చెబుతుంది గానీ ఏ అడవిదో చెప్పదు. కానీ ఆ కాలానికి దంతం వచ్చే దారులు మనకి తెలుసు. ఒకటి దగ్గరి దారి, కళింగ. తూర్పు గాంగుల రాజ్యంలో 13వ శతాబ్దంలోనే దంతంతో సింహాసనం కాళ్ళు చెక్కారు, ఏనుగు తల ఉన్న సింహం రూపంలో ఒక కాలు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కాకతీయులకి కళింగ పక్కిల్లే. రెండోది చాలా దూరపు దారి, ఆఫ్రికా తూర్పు తీరం. ఇది వింటే చాలామంది నమ్మరు, అందుకే దీన్ని వేరే ప్రశ్నగా కింద తీసుకుంటున్నాను.

ఇంకో సంగతి, మోటుపల్లి మీద రాజుల శ్రద్ధ గణపతిదేవుడితో ఆగలేదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊళ్ళో వర్తకులకి మళ్ళీ హామీ శాసనం వేయించాడు. రెడ్డిరాజుల కాలం వర్తకుడు అవచి తిప్పయ సెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు కదా, అందులో ఆ ఇంటివాళ్ళు ఏయే దేశాల నుంచి ఏం తెప్పించేవాళ్ళో వరసగా చెబుతాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి, అంటే పర్షియా వైపు హొర్ముజ్ రేవు నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు. నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, మనవాళ్ళు ఏనుగునే ఓడ ఎక్కించి తెచ్చినప్పుడు దాని దంతం తేవడం ఒక లెక్కా?

ప్రశ్న: ఇండియాలో ఇన్ని ఏనుగులు పెట్టుకుని ఆఫ్రికా నుంచి దంతం కొనాల్సిన ఖర్మ మనకేంటి? మా స్కూల్లో పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను. (సింగరాయకొండ నుంచి ఒక టీచరు)

జవాబు: పిల్లలు మంచి ప్రశ్న అడిగారు టీచరుగారూ. మన ఏనుగుల్లో ఆడ ఏనుగుకి బయటికి కనపడే దంతాలు ఉండవు, ఉన్నా ఏదో మొలకలాగా ఉంటాయి. మగవాటిలో కూడా అన్నిటికీ రావు. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడా మగా రెండిటికీ వస్తాయి, పెద్దగా వస్తాయి. మొదటి కారణం అదే.

రెండో కారణం, మనవాళ్ళకి ఏనుగు బతికుంటేనే ఎక్కువ పని. యుద్ధానికి కావాలి, ఊరేగింపుకి కావాలి, అడవిలో దుంగలు లాగడానికి కావాలి. ఏనుగు బతికినా వెయ్యి వరహాలే, చచ్చినా వెయ్యి వరహాలే అని సామెత చెప్పుకుంటాం గానీ, గజదళం మీద రాజ్యం నడిపిన రాజు బతికిన ఏనుగునే కోరుకుంటాడు.

ఇది ఇప్పటివాళ్ళు కనిపెట్టింది కాదు. 6వ శతాబ్దంలో కాస్మస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు రాసిపెట్టాడు, ఇండియా ఏనుగులకి పెద్ద దంతాలు ఉండవనీ, ఇథియోపియా వైపు దంతాలు ఓడల్లో ఇండియాకి, పర్షియాకి పోతాయనీ. తర్వాత 10వ శతాబ్దంలో అల్ మసూదీ అనే అరబ్బు చరిత్రకారుడు, తూర్పు ఆఫ్రికా తీరానికి స్వయంగా వెళ్ళొచ్చినవాడు, ఇంకా వివరంగా రాశాడు. అక్కడి దంతం ఒమన్ చేరుతుంది, ఒమన్ నుంచి ఇండియాకీ చీనాకీ పోతుంది, ఇండియాలో దాన్ని కత్తి పిడులకీ బాకు పిడులకీ వాడతారు, అన్నిటికన్నా ఎక్కువగా చదరంగం పావులకీ పాచికలాటకీ వాడతారు అని. ఈ రెండు దేశాలూ ఇంత కొనకపోతే తమ ముస్లిం దేశాల్లో దంతం కుప్పలుగా ఉండేదని కూడా బాధపడ్డాడు. అంటే కొనేవాళ్ళలో మనమే పెద్దవాళ్ళం.

మనం కొనడమే కాదు, పంపడం కూడా ఉంది. 1015లో చోళుల రాయబారం చీనా చక్రవర్తి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇచ్చిన కానుకల్లో ముత్యాలతో పాటు 60 ఏనుగు దంతాలు ఉన్నాయి. దంతం ఒక దేశం సరుకు కాదు టీచరుగారూ, ఒక రేవులో దిగి ఇంకో రేవులో ఎక్కే సరుకు. పిల్లలకి మ్యాపులో తూర్పు ఆఫ్రికా రేవు కిల్వా నుంచి ఒమన్, ఒమన్ నుంచి మన తీరం, ఇక్కడి నుంచి చీనా వేలుతో గీసి చూపించండి, అర్థమైపోతుంది.

ప్రశ్న: అది ఏనుగు కొమ్మా, పన్నా? (కావలి)

జవాబు: పన్నే. మనం మాటలో కొమ్ము అంటాం గానీ అది పై దవడ ముందుపన్ను, జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. దవడలో ఇమిడి ఉండే మొదలు వైపు బోలుగా ఉంటుంది, కొస వైపు గట్టిగా నిండుగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాతి జవాబంతా దీని మీదే నడుస్తుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ పెట్టెలో ఒక కుంకుమ భరిణె దొరికింది. గుండ్రంగా, నాలుగు వేళ్ళ ఎత్తు, మూత బిగుతుగా పడుతుంది, లేత పసుపు రంగు, అడుగున కొంచెం పగుళ్ళు. దంతమని అమ్మ చెబుతుంది, ఎముకేమో అని మావారు అంటారు. సూది కాల్చి గుచ్చి చూస్తే తెలిసిపోతుందని పక్కింటి అన్నయ్య చెప్పాడు. దంతమే అయితే ఇంట్లో ఉంచుకోవచ్చా, అమ్మితే ఎంత వస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది. (కందుకూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఆ సూది పక్కన పెట్టెయ్యండి. కాల్చి గుచ్చితే ప్లాస్టిక్ అయితే కరుగుతుంది, నిజమే. కానీ అది దంతమే అయితే వందేళ్ళ వస్తువు మీద నల్లటి మచ్చ ఎప్పటికీ ఉండిపోతుంది. అంత అవసరం లేదు.

మీ ఊళ్ళో కంసాలి దగ్గర కంటికి పెట్టుకుని చూసే చిన్న భూతద్దం ఉంటుంది, అది ఒక పూట అడిగి తెచ్చుకోండి. భరిణెని కిటికీ దగ్గర పెట్టి, ఫోన్ లైటు పక్కనుంచి పడేలా పట్టుకుని, అంచు చూడండి, అంటే పన్నుని అడ్డంగా కోసిన వైపు, భరిణె నోటి అంచు. ఏనుగు దంతమైతే అక్కడ సన్నటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనపడతాయి, మన వెదురు తట్ట అల్లికలాగా, వరసగా చిన్న చిన్న డైమండ్ ఆకారాలు. వాటిని ష్రేగర్ గీతలంటారు. దంతం బయటి అంచుకి దగ్గర్లో ఆ గీతలు కలిసే కోణం ఏనుగు దంతంలో వెడల్పుగా, సుమారు 115 డిగ్రీల పైన ఉంటుంది, మంచులో దొరికే, ఎప్పుడో అంతరించిపోయిన మామత్ అనే ఏనుగు జాతి దంతంలో అయితే ఇరుకుగా 90 లోపు. నిలువు వైపు చూస్తే గీతలు దాదాపు సమాంతరంగా, కొంచెం అలలాగా పోతాయి. ఎముకైతే ఈ అల్లిక ఉండదు, సన్నటి నల్లటి చుక్కలు, చిన్న చిన్న గాట్లు కనపడతాయి, అవి ఎముకలో రక్తనాళాలు పోయిన దారులు. సెల్యులాయిడ్ లాంటి ప్లాస్టిక్ అయితే గీతలు మరీ పద్ధతిగా, స్కేలుతో గీసినట్టు ఉంటాయి, అల్లిక మాత్రం రాదు.

ఒకసారి ఒక చోట, పేరు అక్కర్లేదు, అద్దాల బీరువాలో దంతపు దువ్వెన అని చీటీ పెట్టిన వస్తువుని చూశాను. అద్దం మీద ముక్కు ఆనించి చూస్తే దువ్వెన పళ్ళ మొదట్లో నల్లటి చుక్కలు బారుగా ఉన్నాయి. ఎముక అది. చెప్తే చీటీ మార్చలేదు, ఆ రోజంతా మనసు బాగోలేదు. ఎముక దువ్వెన తక్కువదని కాదు, దాని కథ వేరు. దంతమైతే ఎక్కడో ఒక ఓడ ఎక్కి ఉండొచ్చు, ఎముకైతే ఆ ఊళ్ళోనే పుట్టి ఉంటుంది. చీటీ తప్పయితే కథే మారిపోతుంది.

ఇప్పుడు మీ భరిణె ఆకారం గురించి, నన్ను నిజంగా ఆకట్టుకున్నది అదే. గుండ్రంగా ఉందన్నారు కదా. ఇందాక కావలి వారికి చెప్పాను, దంతం మొదలు వైపు బోలుగా ఉంటుందని. ఆ బోలు భాగాన్ని అడ్డంగా తెగ్గోస్తే భరిణె దానంతటదే వచ్చేస్తుంది, అడుగు ఒకటి, మూత ఒకటి బిగిస్తే చాలు, దంతం వృథా కాదు. వెయ్యేళ్ళ కిందట స్పెయిన్‌లో కార్డోబా ఖలీఫాల పనివాళ్ళు చేసింది కూడా ఇదే. 964లో ఖలీఫా రెండో అల్ హకం తన కొడుకు తల్లి సుబ్హ్ కోసం చేయించిన భరిణె ఇప్పుడు మాడ్రిడ్‌లో ఉంది, 968లో అల్ ముగీరా అనే రాజకుమారుడి కోసం చేసింది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఒంటి నిండా ఆకులు, తీగలు, సింహాలు, గద్దలు, ఖర్జూరం చెట్టు కింద మనుషులు. ఆ కాలందే ఇంకో భరిణె మీద అరబ్బీలో ఒక పద్యం చెక్కారు, ఆ భరిణే మాట్లాడుతున్నట్టు, నేను కస్తూరికి, కర్పూరానికి, అంబరుకి పాత్రని అని చెబుతుంది. ఎక్కడి కార్డోబా, ఎక్కడి మోటుపల్లి! మన శాసనంలోనూ దంతం, కర్పూరం ఒకే జాబితాలో ఉన్నాయి. మీ అమ్మమ్మ అందులో కుంకుమ పోసుకుంది, ఆ సుబ్హ్ కస్తూరి పోసుకుని ఉంటుంది. చెక్కే చెయ్యి వేరు గానీ కోసే పద్ధతి ఒకటే.

ఇక ఉంచుకోవచ్చా అన్నది. ఏనుగు దంతమైతే అమ్మే మాట మర్చిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1977లో మన ఏనుగుని మొదటి షెడ్యూల్లో చేర్చారు, 1986లో దేశీయ దంతం వ్యాపారాన్ని ఆపేశారు, 1991లో ఆఫ్రికా దంతాన్ని కూడా అందులో కలిపారు. పాతదైనా సరే కొనకూడదు, అమ్మకూడదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవాలంటే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ఇచ్చే ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉండాలి. 2003లో అందరూ తమ దగ్గర ఉన్నవి చెప్పుకోవడానికి 180 రోజులు గడువిచ్చారు, మీ అమ్మమ్మగారి కాగితాల్లో అప్పటి రసీదు ఏదైనా ఉందేమో వెతకండి. లేకపోతే దాచిపెట్టకుండా, ఒక లాయరుని పక్కన పెట్టుకుని, జిల్లా అటవీ అధికారి ఆఫీసులో మీరే వెళ్ళి చెప్పండి. ఇలాంటివాటిలో మనమే ముందుగా వెళ్ళి చెప్పుకోవడం మంచిది, వాళ్ళు వచ్చి అడిగినప్పుడు చెప్పడం కన్నా. ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి ధర మాత్రం అడక్కండి.

ఈ లోపు దాన్ని నీళ్ళతో కడగొద్దు. చింతపండు, నిమ్మకాయ, సబ్బు ఏవీ వద్దు. దంతం తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, అడుగున పగుళ్ళు బహుశా అలా వచ్చినవే. పొడి మెత్తటి బట్టతో దుమ్ము తుడిచి, కుంకుమ మరకలు అలాగే వదిలెయ్యండి, అవి కూడా దాని చరిత్రే. ఎండలోనూ పెట్టొద్దు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటా పెట్టొద్దు. పసుపు రంగు పోగొట్టాలని మాత్రం చూడకండి, అది మురికి కాదు, వయసు.

ప్రశ్న: మా అబ్బాయి లండన్లో ఉంటాడు, బ్రిటిష్ మ్యూజియంలో పాత చదరంగం పావుల ఫొటోలు పంపాడు, రాజు, రాణి కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నారు, రాణి చెంప మీద చెయ్యి వేసుకుంది. అవి కూడా మన ఏనుగు దంతమేనా? (నెల్లూరు నుంచి రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: కాదండీ, అక్కడే ఉంది అందం. అవి లూయిస్ పావులు, స్కాట్లండ్‌లో లూయిస్ దీవిలో 1831లో బయటపడ్డాయి. 12వ శతాబ్దం చివర్లో నార్వేలో, చాలామంది నమ్మేది ట్రాండ్‌హైమ్‌లో, చెక్కినవి. దాదాపు అన్నీ వాల్‌రస్ దంతం, కొన్ని తిమింగలం పన్ను. ఉత్తర సముద్రాల్లో మంచు మీద పడుకునే ఆ పెద్ద మీసాల జంతువు కోరలన్న మాట. మొత్తం 93 వస్తువులు దొరికాయి, అందులో 78 చదరంగం పావులు, 14 వేరే ఆట బిళ్ళలు, ఒక బెల్టు బకిలు. 82 బ్రిటిష్ మ్యూజియంవి, 11 ఎడింబరా మ్యూజియంవి. ఇంకోటి స్కాట్లండ్‌లో ఒక కుటుంబం దగ్గర సొరుగులో పడి ఉంది, 1964లో 5 పౌండ్లకి కొన్నది, 2019లో వేలంలో 7,35,000 పౌండ్లకి పోయింది. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి అది ఏమిటో అన్నేళ్ళూ తెలీదు.

వాల్‌రస్ ఎందుకంటే, ఆ రోజుల్లో యూరప్ ఉత్తరాన ఏనుగు దంతం దొరకడం గగనం. ఉన్నదాంతో సర్దుకున్నారు. వాల్‌రస్ కోర లోపల మధ్యభాగం గవ్వలు గవ్వలుగా, పాలు విరిగినట్టు ఉంటుంది, భూతద్దంతో చూస్తే ఏనుగుది కాదని ఇట్టే తెలిసిపోతుంది. 2018లో పాత వాల్‌రస్ పుర్రె ముక్కల డీఎన్ఏ తీసి చూస్తే, 12వ శతాబ్దం నుంచి యూరప్‌కి వచ్చినవి ఎక్కువగా గ్రీన్లాండ్ పడమటి వైపు మందలవని తేలింది. అప్పట్లో జనం కొద్ది వేలమందే ఉన్న గ్రీన్లాండ్ నుంచి కోరలు పోయి బిషప్పుల చేతికర్ర పిడులయ్యాయి.

మీ అబ్బాయిని ఒక పని చెయ్యమనండి, మళ్ళీ వెళ్ళినప్పుడు శకటుల్ని చూడమనండి. మన పాత ఆటలో, అరబ్బుల ఆటలో ఏనుగుగా ఉన్న ఆ పావు యూరప్ పోయాక బిషప్పు అయిపోయింది, టోపీ పెట్టుకుని చేతిలో కర్ర పట్టుకుని. ఆ పావు బిషప్పు రూపంలో కనిపించే అతి పాతవాటిలో ఈ లూయిస్ పావులు ఉన్నాయి, 16 ఉన్నాయి. ఏనుగు దంతమూ లేదు, పావుల్లో ఏనుగూ లేదు. దీనికి సరిగ్గా ఎదురుగా పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఒక వస్తువు ఉంది, ఇండియాలో చెక్కిన దంతపు ఏనుగు, పైన రాజు అంబారీలో, చుట్టూ గుర్రపు రౌతులు. అడుగున అరబ్బీలో యూసుఫ్ అల్ బాహిలీ పని అని ఉంది. ఏనుగు దంతంతోనే చేసిన ఏనుగు, ఇండియా నుంచి ఫ్రాన్సు దాకా పోయింది. షార్లమేన్ చక్రవర్తిదని చాలాకాలం చెప్పుకున్నారు గానీ ఆయన చేతికి వచ్చిందనడానికి ఆధారం లేదు.

ప్రశ్న: చర్చి క్యాలెండర్‌లో దంతంతో చేసిన మేరీమాత బొమ్మ చూశాను, నడుము దగ్గర ఒక పక్కకి ఒరిగి ఉంది. దంతం వంకర కాబట్టి బొమ్మ కూడా వంగిందని మా ఫాదరు చెప్పారు. నిజమేనా? (నెల్లూరు జిల్లా)

జవాబు: సగం నిజం. పారిస్‌లో 13వ శతాబ్దం మధ్య నుంచి పెద్ద పెద్ద దంతాలు వచ్చాయి, సెంత్ షాపెల్ చర్చికి సంబంధించిన మేరీమాత బొమ్మ, 1260లు, 70ల నాటిది, 41 సెంటీమీటర్లు ఉంటుంది, ఒక దంతం నిండుగా ఉన్న భాగం మొత్తం పట్టింది. దంతం వంపుని పనివాడు వాడుకున్నాడు, అది కనపడుతూనే ఉంది. కానీ అదే కాలంలో రాతి బొమ్మలు కూడా అలాగే ఒరిగి నిలబడతాయి, రాయికి ఏ వంకరా లేదు కదా. ఆ కాలానికి అలా నిలబడటం ఒక అందం, దంతం ఆ అందానికి అనువుగా కుదిరింది.

అంతకుముందు గ్రీన్లాండ్ కోరలతో సరిపెట్టుకున్న యూరప్‌కి ఒక్కసారిగా ఇంత పెద్ద దంతాలు ఎలా వచ్చాయి అన్నదాని మీద సారా గెరాన్ అనే పరిశోధకురాలు మంచి పని చేసింది. బట్టల రంగులకి కావాల్సిన పటిక వచ్చే ఓడలు మధ్యధరా నుంచి జిబ్రాల్టర్ దాటి ఉత్తరానికి పోవడం మొదలయ్యాక, ఆఫ్రికా దంతం కూడా వాటి మీదే ఎక్కిందని ఆమె వాదన. నాకు ఇది నమ్మకంగా అనిపిస్తుంది. మన చీరాల, వెంకటగిరి అద్దకంవాళ్ళకి పటిక విలువ తెలుసు, పటిక లేకపోతే బట్ట రంగు పట్టదు. ఆ పటిక కోసం తెరిచిన దారిలో మేరీమాత బొమ్మ వచ్చింది.

ప్రశ్న: ఏనుగుల్ని చంపి చేసిన వస్తువుల గురించి ఇంత ఇష్టంగా ఎలా రాస్తారు? (నెల్లూరు నుంచి ఇంటర్ చదివే అమ్మాయి)

జవాబు: అమ్మా, నువ్వు అడిగింది న్యాయమే. రాజభవనాల్లో దంతం చూసినవాళ్ళు దాని వెనక ఏనుగు గురించి రాయలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన డొమింగో పయిస్ అనే పోర్చుగీసు అతను, కృష్ణదేవరాయల అంతఃపురంలో ఒక గది పై నుంచి కింది దాకా మొత్తం దంతమేనని, స్తంభాల పైన గులాబీలు, తామరలు కూడా దంతంతోనే చెక్కారని, అలాంటిది ఇంకెక్కడా దొరకదని రాశాడు. ఒక గదికి ఎన్ని ఏనుగులు? ఆ లెక్క ఎవరూ రాయలేదు.

కానీ ఇప్పుడు ఆ లెక్క దంతమే చెబుతోంది. బొం జేసుస్ అని ఒక పోర్చుగీసు ఓడ, 1533లో ఇండియాకి వస్తూ నమీబియా తీరంలో మునిగిపోయింది, 2008లో దొరికింది. దాంట్లో వందకి పైగా దంతాలున్నాయి. చల్లటి నీళ్ళలో దాదాపు 500 ఏళ్ళు ఉన్నా డీఎన్ఏ నిలిచింది. 2020లో తేల్చింది ఏమిటంటే, అవి పశ్చిమ ఆఫ్రికా అడవి ఏనుగులవి, తక్కువలో తక్కువ 17 వేర్వేరు మందలవి. ఆ 17 వంశాల్లో ఇప్పుడు బతికున్న ఏనుగుల్లో కనపడినవి నాలుగే. మిగతా మందల గుర్తు ఆ ఓడలోనే మిగిలింది. ఆ దంతం చదవకపోతే వాటి గురించి మనకి ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు. అందుకే చదువుతున్నాను, రాస్తున్నాను, ఇష్టంతోనూ బాధతోనూ.

ప్రశ్న: నేను ఎం.ఏ. హిస్టరీలో దీని మీదే ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి? గైడ్ టాపిక్ చాలా చిన్నదంటున్నారు. (ఒంగోలు)

జవాబు: చిన్నది కాదు, నువ్వు ఇప్పటిదాకా చదివావుగా. మూడు పనులు చెయ్యి. మొదట మోటుపల్లి వెళ్ళు, శాసనం ముద్రించిన పాఠం ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో ఉంది, అది చేతిలో పెట్టుకుని స్తంభం ముందు నిలబడి ఒక్కో సరుకూ వేలుతో పట్టుకో. తర్వాత 1905లో వచ్చిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు తీసి, సుంకం, సెట్టి, ఓడ, రేవు అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడు, ముఖ్యంగా కృష్ణపట్నం వైపు. కృష్ణపట్నాన్ని ఆ రోజుల్లో కొల్లితురై అనేవాళ్ళు, దాన్ని మర్చిపోతే సగం శాసనాలు నీకు దొరకవు. మూడోది, వస్తువు చూడు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతం గది ఉంది, శ్రీరంగం గుడి మ్యూజియంలో నాయకరాజుల కాలం దంతపు బొమ్మలున్నాయి. రెండు చోట్లా బొమ్మ ముఖం కన్నా దాని అడుగుని, కోసిన అంచుని ఎక్కువసేపు చూడు, బోలు భాగమా, కొస భాగమా అని రాసుకో. నాకు ఒక కార్డు రాసెయ్యి, ఏ ఆదివారం కుదిరితే ఆ రోజు మోటుపల్లికి నేనూ వస్తాను, సాయంత్రం నాలుగింటికి గుడి దగ్గర ఉందాం.